అరికాలి పటం

మా మావయ్య తప్పు చేయడు. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఒక్కటైనా దొరక్కపోతుందా అని కాచుకు కూర్చున్నాను, దొరకలేదు. మిల్లుకు చెరుకు మోసే చిన్న రైలును ముప్ఫై నాలుగేళ్లు నడిపిన మనిషి ఆయన. ఆ రైలు ఒకసారి పక్కకి ఒరిగిపోతే తప్పు పట్టాలది. చేపల గంజిలో ఉప్పుకు బదులు పంచదార వేస్తే తప్పు డబ్బాలది, రెండూ ఒకే రంగులో ఎందుకున్నాయట? మూడేళ్లుగా పేపరును రెండు చేతులూ బారుగా చాపి, వీధిలో పోయేవాళ్లకు చూపిస్తున్నట్టు పట్టుకుని చదువుతున్నాడు. కళ్లద్దాలు తీసుకుందాం మావయ్యా అంటే, "నా కళ్లకేం వచ్చింది? పేపరు వాళ్లే ఈమధ్య సిరా మిగుల్చుకుంటున్నారు" అంటాడు. అచ్చు సరిగ్గా వేయమని ఎడిటర్‌కి ఉత్తరం రాయించడానికి నన్ను రెండుసార్లు కూర్చోబెట్టాడు. రెండోసారి నిజంగానే రాసి పోస్టు చేశాను. జవాబు రాలేదు. అదీ వాళ్ల తప్పే.

మాది తైనాన్ పక్కన పాత పంచదార మిల్లు పేట. మిల్లు మూసేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడక్కడ ఐస్‌క్రీం అమ్ముతారు. మా వైపు కూరలోనూ పంచదారే, పులుసులోనూ పంచదారే. అత్తయ్యకు పన్నెండేళ్లుగా షుగర్ ఉందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. నాకింకా రాలేదంటేనే పేటలో వింతగా చూస్తారు.

ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అత్తయ్య పాదాలు మండడం మొదలైంది. మిరపపొడి అద్దినట్టుంటుందనేది. దుప్పటి అంచు తగిలినా ఉలిక్కిపడేది. చల్లగా ఉంటుందని వంటింటి పలకల మీద తెల్లవార్లూ తిరిగేది. నేను పాల కోసం లేచేసరికి ఫ్రిజ్ తలుపు తెరిచి, కింది అరలో క్యాబేజీ పక్కన కుడికాలు పెట్టుకుని, కుర్చీలో కూర్చుని ఉండేది.

"ఏంటత్తయ్యా ఇది?"

"ఏం లేదే యీ-ఫాంగ్. రేపటి కూరకి నిలవ ఉంచుతున్నా."

ఆవిడ జోకులు అలానే ఉంటాయి. నవ్వాక గాని, ఆవిడ కళ్ల కింద నలుపు ఎంత పెరిగిందో నాకు కనబడలేదు.

పేట ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే డాక్టరు మాత్రలు మార్చాడు. తర్వాత నర్సు హ్వాంగ్ మమ్మల్ని పక్క గదిలోకి పిలిచింది. కుర్రమనిషే గాని గొంతు మాత్రం హెడ్మాస్టరుది. అత్తయ్య కాలు తన ఒళ్లో పెట్టుకుని చూపించింది.

"చీలమండ లోపలి ఎముక ఇదిగో. దీని పైన నాలుగు వేళ్లు కొలిచి, అక్కడ బొటనవేలితో నొక్కాలి. మూడు నిమిషాలు ఒక కాలికి, మూడు రెండో కాలికి. నిద్ర కోసం ఇదిగో, మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు ఈ గుంట. మెత్తగా నొక్కాలి. మెత్తగా అంటే నొక్కేవాళ్ల గోరు తెల్లబడకూడదు. మందులకి ఇది తోడంతే, మందులు మానేయడానికి కాదు. పుల్లలొద్దు, రాళ్లొద్దు, వేడినీళ్ల తొట్టెలొద్దు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. రోజూ పాదాల అడుగున దీపం పెట్టి చూడాలి. చిన్న గీత కనబడినా ఇక్కడికి తీసుకురావాలి. ఎవరు చూస్తారు?"

నేను నోరు తెరిచేలోపే మావయ్య, "నేను చూస్తాను" అన్నాడు. "రైలు పెట్టెల కింద చక్రాలు ముప్ఫై నాలుగేళ్లు చూశాను. రెండు పాదాలు చూడలేనా?"

నర్సు నావైపు చూసింది. నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను. నాకు ఇంట్లో వంటుంది, ఉతుకుడుంది, ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు చేసి పగలంతా పడుకునే మొగుడున్నాడు. ఒక పని తగ్గితే నాకేం బాధ?

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో నేనెప్పుడూ చూడనిది చూశాను. భోజనాలయ్యాక మావయ్య వెదురు ముక్కాలిపీట వేసుకుని, అత్తయ్య ముందు కూర్చుని, మోకాళ్ల మీద తువ్వాలు పరిచి, ఆవిడ కాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నాలుగు వేళ్లు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. గడియారం చూస్తూ నొక్కాడు.

"మెత్తగానే ఉందా?"

"నీ చెయ్యి మెత్తగా ఉండడమేంటి? రైలు బ్రేకు పట్టుకున్నట్టుంది" అంది అత్తయ్య. కానీ కాలు తీసుకోలేదు.

ఐదోరోజున ఆవిడ గురక విన్నాం. రెండో వారానికి ఫ్రిజ్‌లో క్యాబేజీ ఒక్కటే మిగిలింది. మంట సగానికి సగం తగ్గిందనేది. నిద్రపోయిన మనిషి మొహం ఎంత మారుతుందో! బజారుకి వెళ్లి పువ్వుల చొక్కా కూడా కొనుక్కుంది. నేను నర్సు హ్వాంగ్‌కి మనసులో దండం పెట్టుకున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు చేసినంత కాలం అది పనిచేసింది. ఇది ఇప్పటికీ అంటాను.

పనిచేసిన దాన్ని పనిచేసినట్టు వదిలేస్తే ఆయన మా మావయ్య ఎందుకవుతాడు?

మే నెలలో ఎడతెగని వానలు పట్టాక, పాత సామాన్ల సంత నుంచి ఆయన ఒక పటం తెచ్చాడు. గోడ సగం ఆక్రమించేంత అరికాలి బొమ్మ. బొటనవేలు తల, దాని కింద మెడ, మధ్యలో కడుపు, కిడ్నీ, క్లోమం, మడమ దగ్గర తుంటి. ఒక్కో అవయవానికి ఒక్కో రంగు. దాంతో పాటు గేదె కొమ్ముతో చేసిన నున్నటి పుల్ల ఒకటి. మా పేటలో ఈ లెక్క పిల్లలక్కూడా తెలుసు. నొక్కితే ఎక్కడ నొప్పి పుడుతుందో ఆ అవయవానికి జబ్బున్నట్టు. నొక్కగా నొక్కగా నొప్పి పోయిందా, జబ్బు పోయినట్టు.

"నర్సు పుల్లలొద్దంది కదా మావయ్యా?"

"ఆ పిల్లకి పట్టుమని పాతికేళ్లుంటాయా? నేను పుల్లతో నొక్కట్లేదు, కొమ్ముతో నొక్కుతున్నా. కొమ్ము పుల్లెలా అవుతుంది?"

రోజూ నొక్కుతూ అడిగేవాడు. "ఇక్కడ?"

"అబ్బా! చంపేశావు."

"అది లివరు. ఇక్కడ?"

"ఏం లేదు."

"ఏం లేదా? నిన్న అరిచావు కదా."

"నిన్న అరిచాను. ఇవాళ లేదు."

మావయ్య లేచి, చెవి వెనక నుంచి ఎర్ర పెన్సిలు తీసి, పటం మీద కిడ్నీకి టిక్కు పెట్టాడు. రైలు రోజుల్లో బయలుదేరే ముందు ఒక్కో పెట్టె తట్టి చూసి, బాగుంటే ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవాడట. అదే పెన్సిలు. టిక్కు కిడ్నీ మీద కాకుండా పక్కనున్న పేగుల మీద పడింది. నేను ఊరుకున్నాను. పేగులూ బాగుపడితే మంచిదే కదా అని లోపల నవ్వుకున్నాను కూడా.

టిక్కులు పెరిగాయి. లివరు, ఊపిరితిత్తులు, మెడ. జూన్ మొదటివారానికి క్లోమం కూడా. ఆరోజు ఆయన బజారు నుంచి బుట్టెడు మామిడిపళ్లు తెచ్చి, ఒకటి కోసి, అత్తయ్య చేతికిచ్చాడు.

"తిను. క్లోమం దారికొచ్చింది."

"అత్తయ్యా, ముక్క చాలు" అన్నాను.

"నీకెందుకమ్మాయ్ భయం? పటం చూడు."

మాత్రల డబ్బా నా చేతిలో ఉంది కాబట్టి మందులు మాత్రం సాగాయి. కానీ ఆ నెల ఆరోగ్య కేంద్రానికి వెళ్లాల్సిన రోజు వాన పడింది. "బాగున్న మనిషిని వానలో తడిపి చూపించడమెందుకు?" అన్నాడాయన. నేనూ గట్టిగా అనలేదు. ఇల్లంతా హాయిగా నిద్రపోతోంది. నేను కూడా.

వానలు తెరిపిచ్చిన ఉదయాల్లో ఆవిడని పార్కుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ సిమెంటులో గుండ్రాళ్లు నిలబెట్టి వేసిన బాట ఉంది. పెద్దవాళ్లంతా చెప్పులు విడిచి దాని మీద నడుస్తారు. కొత్తవాళ్లు కాకుల్లా గెంతుతారు, పాతవాళ్లు రెయిలింగు పట్టుకుని పళ్లు బిగిస్తారు. మా అత్తయ్య మాత్రం సోకుల మేజోళ్లు వేసుకుని, రెయిలింగు పట్టుకోకుండా, చేతులు ఊపుకుంటూ, రెండుసార్లు అటూ రెండుసార్లు ఇటూ నడిచిందట. మావయ్య స్నేహితుడు టాన్ గారు, ఆయనా రిటైరైన రైలు మనిషే, ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

"ఏం నడకమ్మా మీ అత్తది! తివాచీ మీద నడిచినట్టు నడిచింది. " మావయ్య వైపు తిరిగాడు. "థియాం-హోక్, నువ్వు డాక్టరువి కావాల్సింది."

మావయ్య టీ పోస్తూ వినయంగా నవ్వాడు. టీ కప్పు పక్కన పడింది. తప్పు కప్పుది.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. కప్ప కాలి నరం బొమ్మ గీస్తే మా మేడమ్ క్లాసంతటికీ చూపించింది. ఆ నరం తెగితే కప్పకి నొప్పుండదని పరీక్షలో నాలుగు మార్కుల జవాబు కూడా రాశాను. ఆ చదువంతా బీరువా అడుగున సర్టిఫికెట్లతో పాటు ఉంది. దాన్ని బయటికి తీయడానికి ఒక మేజోడు కావాల్సొచ్చింది.

జూన్ నెలాఖరున ఉతకడానికి తీస్తే కుడికాలి మేజోడు లోపల, బొటనవేలి కింద, గోధుమరంగు మరక. చొక్కా గుండీ అంత కూడా లేదు. అంచు తడిగా ఉంది. మావయ్య బజారుకెళ్లాడు. అత్తయ్య హాల్లో సీరియల్ చూస్తోంది. ఆవిడ కాలు పైకెత్తి చూశాను. బొటనవేలి కింద చర్మం చిరిగి, లోపల ఎర్రగా ఉంది.

"ఇది నొప్పిగా లేదా?"

"ఏది?"

వంటింట్లోకి వెళ్లి ఎండు సేమ్యా పోగు ఒకటి తెచ్చాను. పాదాలకి స్పర్శ ఉందో లేదో చూడడానికి నర్సు దగ్గర సన్నటి నైలాన్ దారం ఉంటుంది, మా ఇంట్లో ఉన్నది సేమ్యా.

"అత్తయ్యా, కళ్లు మూసుకోండి. నేను ముట్టుకున్నప్పుడల్లా ఊఁ అనండి. ఆట."

"ముసలితనంలో ఆటలేంటే" అంటూనే మూసుకుంది.

మడమ మీద ఆనించాను. మధ్యలో ఆనించాను. వేళ్ల కింద, పక్కన, మళ్లీ మధ్యలో. సేమ్యా వంగేదాకా నొక్కాను. ఒక పోగు విరిగిపోతే ఇంకొకటి తెచ్చుకున్నాను. టీవీలో ఎవరో కోడలు ఏడుస్తోంది.

"ఎప్పుడు మొదలుపెడతావే?" అంది అత్తయ్య, కళ్లు మూసుకునే.

నేను సేమ్యా పోగు జేబులో వేసుకున్నాను.

"ఎప్పటి నుంచి ఇలా?"

ఆవిడ కళ్లు తెరిచింది. టీవీ వైపు చూసింది గాని సీరియల్ చూడలేదు. "మే నెలాఖరున పడవల పండగ నాటికే తెలియడం మానేసింది. మొదట్లో మంట పోయిందని సంతోషించా. తర్వాత... కాలు ఉందో లేదో చూసుకోవాల్సొస్తోంది."

"మరి నొక్కినప్పుడు అబ్బా అని అరుస్తున్నారు కదా! నిన్నకూడా అరిచారు."

"నాలుగు చోట్ల అరుస్తాను. అన్నీ బాగైపోయాయంటే ఇక నొక్కడం ఆపేస్తాడు కదే."

నేను టీవీ గొంతు తగ్గించాను.

"నలభై ఆరేళ్ల కాపురం. జ్వరమొస్తే నుదురు మీద చెయ్యి వేసి చూసిన మనిషి కాదు. నీకు తెలుసు. ఇప్పుడు రోజూ అరగంట ఒళ్లో పెట్టుకుంటున్నాడు. కబుర్లు చెబుతున్నాడు. మొన్న పెళ్లిచూపుల నాడు నేను కట్టుకున్న బట్టలు ఏ రంగో చెప్పాడు. ఆకుపచ్చంట. తప్పే, నీలం. కానీ చెప్పాడు." ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు మందు రాసి పట్టీ వెయ్యి. రెండు రోజుల్లో మానిపోతుంది. ఆయనకి చెప్పకు. మళ్లీ ఆసుపత్రి, మళ్లీ ఆ నర్సు, అన్నీ ఆపేయిస్తుంది."

నేను చెప్పాల్సింది ఆ నిమిషంలోనే. చీలమండ పైన మెత్తగా నొక్కడం నర్సు ఆపేయమనదు, ఆ అరగంట మీకు పోదు అని చెబితే సరిపోయేది. అంత చిన్నమాట నాకు తట్టలేదు. ఆవిడ మొహం చూసి, మందు రాసి, పట్టీ వేశాను. రాళ్లబాటకి మాత్రం వెళ్లకుండా మోకాళ్ల నొప్పని అబద్ధం చెప్పించాను. అదొక్కటే నేను చేసిన తెలివైన పని. అప్పటికే ఆలస్యమైంది.

రోజూ సాయంత్రం మావయ్య పీట వేసుకునే ముందు ఆవిడ పట్టీ పీకేసి పువ్వుల చొక్కా జేబులో దాచుకునేది. ఆయన దీపం దగ్గరగా లాక్కుని, పాదం ఎత్తి, అడుగున అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "శుభ్రంగా ఉంది" అనేవాడు. ప్రతిసారీ నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఆయన చూస్తాడు, గోల చేస్తాడు, నా మీద అరుస్తాడు, నేను చెప్పకుండానే అంతా బయటపడుతుంది అనుకునేదాన్ని. "శుభ్రంగా ఉంది" అనగానే నాకూ నమ్మబుద్ధేసేది. తప్పు చేయని మనిషి కదా.

తొమ్మిదోరోజు అత్తయ్య అన్నం ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది. దుప్పటి తీస్తే కుళ్లిన మామిడిపండు వాసన వచ్చింది. నేను మొదట బుట్ట వైపే చూశాను.

పెద్దాసుపత్రిలో డాక్టరు ఆ పుండులోంచి మెంతిగింజంత రాతిపలుకు తీసి గాజుపళ్లెంలో వేశాడు. "పాదాలు రోజూ ఎవరు చూస్తున్నారు?" అని అడిగాడు.

"నేనే" అన్నాడు మావయ్య. "రోజూ చూశాను. నిన్నటిదాకా ఏమీ లేదు."

డాక్టరు పళ్లెం పక్కకు జరిపి కాగితాలు ముందుకు తోశాడు. సంతకం ఎక్కడ పెట్టాలో మా ఆయన వేలు పెట్టి చూపిస్తే మావయ్య గీత కింద పెట్టాడు.

బొటనవేలు, దాని పక్కవేలు తీసేశారు. మూడు వారాల తర్వాత మళ్లీ తీసుకెళ్లి, పాదం ముందు సగం తీసేశారు.

ఆగస్టులో ఇంటికి తెచ్చాం. మామిడిపళ్ల కాలం అయిపోయింది. పటం గోడమీద అలానే ఉంది, బొటనవేలి మీద ఎర్ర టిక్కుతో సహా. తీసేద్దామని ఎవరూ అనలేదు. మావయ్య దాని కింద కుర్చీ వేసుకుని పేపరు బారుగా పట్టుకుని కూర్చునేవాడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఒకే కథ చెప్పేవాడు. పార్కు వాళ్లు రాళ్లు నిలబెట్టడం చేతకాక పలుకులు వదిలేశారు, మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయాలి, మా కోడలు బాగా రాస్తుంది. ఆ ఉత్తరం కోసం నన్ను రోజూ అడిగేవాడు. రేపు రాస్తానని రోజూ చెప్పేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం టాన్ గారు వచ్చాడు. షుగర్ మనిషిని చూడ్డానికి వస్తూ అనాసపండు కేకుల డబ్బా పట్టుకొచ్చాడు. అత్తయ్య సోఫాలో కుడికాలు దిండు మీద పెట్టుకుని కూర్చుంది. మేం నలుగురమే ఉన్నాం.

"అంతా ఆ బాట వల్లే" అని మొదలుపెట్టాడు మావయ్య. "పనివాళ్లు..."

"నేనూ ఫోన్ చేసి అడిగానులే" అన్నాడు టాన్ గారు ఇబ్బందిగా. "ఇంకెవరికీ ఏం కాలేదంటున్నారు."

"వాళ్లలానే అంటారు. అమ్మాయ్, కలం కాగితం తీసుకురా. ఇవాళ రాసి తీరాలి."

నేను కలం తెచ్చాను, కాగితం తెచ్చాను, కూర్చున్నాను. పద్దెనిమిదేళ్లుగా ఈయన తప్పు ఒకటి దొరికితే ఎలా ఎత్తి చూపాలో నాకు వాక్యాలతో సహా సిద్ధంగా ఉంది. అత్తయ్య నావైపు చూస్తోంది. కాగితం మీద తేదీ వేశాను, తర్వాత కలం మూత పెట్టేశాను.

"మావయ్యా, రాయను. జూన్ నెలలోనే మేజోట్లో రక్తం చూశాను. పుండు చూశాను. అత్తయ్యకి పాదంలో ఏమీ తెలియడం లేదని నాకు తెలుసు. తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. పట్టీలు వేస్తూ కూర్చున్నాను."

టాన్ గారు కేకు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"నేనే చెప్పొద్దన్నా" అంది అత్తయ్య. "నొప్పి లేకుండానే అరిచా. నువ్వు నొక్కుతావని."

మావయ్య ఇద్దరినీ చూశాడు. ఇంకేముంది, దొరికాం అనుకున్నాను. ఆయన చేతికి ఇద్దరు దోషులు ఒకేసారి చిక్కారు, పార్కు వాళ్లని వదిలేసి మా మీద పడతాడు. పడితే బాగుండును అని కూడా అనిపించింది.

ఆయన పేపరు మడిచాడు. మడతలు సరిగ్గా రాక మళ్లీ విప్పి మడిచాడు.

"నువ్వు మేజోడు చూశావమ్మాయ్" అన్నాడు. "నేను పాదం పట్టుకున్నా. రోజూ దీపం పెట్టుకుని పట్టుకున్నా."

మడిచిన పేపరు ఒళ్లో పెట్టుకున్నాడు.

"వేలికి తడి తగిలింది. నూనె అనుకున్నా. తువ్వాలుతో తుడిచేశా." అత్తయ్య చెయ్యి చాపింది గాని ఆయన అటు చూడలేదు, ఒళ్లోని పేపరు వైపే చూస్తున్నాడు.

"పేపరు అచ్చులో ఏం లోపం లేదు, యీ-ఫాంగ్. మూడేళ్ల నుంచీ నాకే కనబడ్డం లేదు. తప్పు నాది."